వీఎల్ టర్బో బానెట్ కింద ఉన్నది ఎవరి ఇంజన్?

మా పిన్ని కొడుకు నిస్సాన్ స్కైలైన్ అనే జపాన్ స్పీడు కారు కొని ఇంటికి తెచ్చిన రోజున వీధిలో పిల్లలందరూ దాని చుట్టూ మూగారు. ఎదురింటి పెద్దాయన మాత్రం గేటు దగ్గర నిలబడి ఒక్కసారి చూసి లోపలికి వెళ్లిపోయారు. ఆ తర్వాత మూడు శనివారాలు ఆయన షెడ్డు తలుపు నాకోసం తెరుచుకోలేదు.

మేముండేది మెల్‌బోర్న్‌కి పడమటి వైపు. టార్నీట్, ట్రుగనీనా, పాయింట్ కుక్... ఈ పేర్లు మన తెలుగువాళ్లకి కొత్తగా చెప్పక్కర్లేదు. పెద్దాయన అంతకుముందు నుంచీ ఉన్నవారు. హోల్డెన్ అనే ఆస్ట్రేలియా కార్ల కంపెనీకి ఇంజన్లు తయారుచేసే ఫ్యాక్టరీలో ముప్పై ఏళ్లకు పైగా పనిచేసి రిటైరయ్యారు. ఆయన షెడ్డులో 1987 నాటి హోల్డెన్ వీఎల్ కమోడోర్ టర్బో కారు ఉంది. మా నాన్నది విజయవాడ ఆటోనగర్‌లో లేత్ షెడ్డు. బోరింగు, హెడ్డు ఫేసింగు, క్రాంక్ గ్రైండింగు పనుల మధ్యే నేను పెరిగాను. ఇక్కడ ఆఫీసులో కంప్యూటర్ ముందు కూర్చునే ఉద్యోగం. వారమంతా చేతులకి గ్రీజు అంటకపోతే నాకు ఏదో వెలితి. అలా పదకొండేళ్లుగా శనివారం పొద్దున్నే పెద్దాయన షెడ్డుకి వెళ్లి చేయి సాయం చేయడం అలవాటైంది.

నాలుగో శనివారం ఆయనే పిలిచారు. టీ ఇచ్చారు. "మీ తమ్ముడికి ఇంకే బండీ దొరకలేదా?" అన్నారు. దాని వెనకే ఇంకో మాట వచ్చింది. రైస్ బర్నర్.

ఆస్ట్రేలియాలో జపాన్ బండ్లని వెక్కిరించడానికి ఎన్నో ఏళ్లుగా వాడుతున్న మాట ఇది. బియ్యం తినేవాళ్ల బండి అని దాని వెనకున్న ఎగతాళి. మెతుకు కింద పడితే కళ్లకద్దుకునే ఇంట్లో పుట్టాను నేను. అన్నం పరబ్రహ్మ స్వరూపం అని వింటూ పెరిగినవాడి చెవికి బియ్యం తిట్టుగా వినబడితే ఎలా ఉంటుందో ఆయనకి తెలియదు. అందుకే చెప్పాను. మేము మూడు పూటలా అన్నం తినేవాళ్లమే, ఆ మాట నిస్సాన్‌కి తగలడం లేదు, నాకు తగులుతోంది అన్నాను. ఆయన ముఖం ఎర్రబడింది. కాసేపు ఏమీ అనలేదు. మళ్లీ ఆ మాట నా ముందు ఎప్పుడూ వాడలేదు.

కానీ గొడవ ఆ మాటతో పోయేది కాదు. మా తమ్ముడూ తక్కువ తినలేదు. పెద్దాయన వి8, అంటే ఎనిమిది సిలిండర్ల ఇంజన్ల గురించి మాట్లాడితే "పాత ఇనుము, అన్నయ్యా. తిన్నగా పోవడం తప్ప మలుపు తిప్పడం రాదు" అంటాడు. వాడి స్నేహితులు హోల్డెన్ నడిపేవాళ్లందరినీ బోగన్లు అని కొట్టిపారేస్తారు. చదువూ సంస్కారం లేని మొరటువాళ్లని అర్థం. అదీ తిట్టే. ఒకటి జాతి మీద, ఇంకోటి కాయకష్టం చేసేవాళ్ల మీద.

ఇద్దరి మధ్యా నిలబడి ఇన్నాళ్లు విన్నాక నాకు గట్టిగా అనిపిస్తున్నది ఇదీ: ఆస్ట్రేలియా స్పీడు బండి, జపాన్ స్పీడు బండి అని రెండు వేరే జాతులు ఎప్పుడూ లేవు. ఒకే ఫ్యాక్టరీల్లో, ఒకే చేతుల మీద, చాలాసార్లు ఒకే ఇంజన్‌తో పెరిగినవి ఇవి. మధ్యలో గోడ కట్టుకుని రెండు పక్కల నుంచీ అరుచుకుంటూ ఉండగా, నిజంగా కాపాడుకోవలసింది చేజారిపోయింది.

ముందు బాథర్స్ట్ గురించి చెప్పాలి. అది తెలియకపోతే ఈ కోపం ఎక్కడిదో అర్థం కాదు.

సిడ్నీకి పడమరగా దాదాపు 200 కిలోమీటర్ల దూరంలో బాథర్స్ట్ ఊరు, దాన్ని ఆనుకుని మౌంట్ పనోరమా కొండ. కొండ మీదుగా 6.213 కిలోమీటర్ల చుట్టు. మామూలు రోజుల్లో అది ఊరి రోడ్డే, ఎవరైనా 60 స్పీడులో నడుపుకోవచ్చు. రేసు రోజు మాత్రం 161 చుట్లు, వెయ్యి కిలోమీటర్లు. కింద నుంచి పైకి 174 మీటర్ల ఎత్తు తేడా. పైన కొండ అంచున సందులాంటి మలుపులు, పక్కనే సిమెంటు గోడ. అక్కడినుంచి దిగితే కాన్‌రాడ్ స్ట్రెయిట్ అని పొడుగాటి దిగుడు. 1963 నుంచీ ఏటా జరిగే ఈ రేసుకి జనం రోజుల ముందే వచ్చి కొండ మీద గుడారాలు వేసుకుంటారు. ఫోర్డ్ ఇళ్లు, హోల్డెన్ ఇళ్లు అని కుటుంబాలే విడిపోయాయి. తాత ఏ పక్షమో మనవడూ అదే పక్షం.

పెద్దాయన మొదటిసారి అక్కడికి వెళ్లింది 1972లో, కుర్రాడిగా. అంతకు ముందు ఏడాది ఫోర్డ్ ఫాల్కన్ జీటీ-హెచ్ఓ ఫేజ్ 3 మీద అలన్ మొఫాట్ గెలిచారు. 351 క్యూబిక్ అంగుళాల వి8. కుటుంబాన్ని ఎక్కించుకుని బజారుకి వెళ్లగలిగే నాలుగు తలుపుల కారే, కానీ రేసు గెలుస్తుంది. మంచి కండిషన్‌లో ఉన్న ఫేజ్ 3 వేలంలో పది లక్షల డాలర్లు దాటి పలికిన సందర్భాలున్నాయి. 1972లో వాన పడింది. పీటర్ బ్రాక్ అనే కుర్రాడు చిన్న టొరానా ఎక్స్‌యూ-1 మీద, అదీ ఆరు సిలిండర్లతో, ఒంటరిగా ఐదు వందల మైళ్లు నడిపి ఆ పెద్ద వి8లను ఓడించాడు. బ్రాక్ మొత్తం తొమ్మిదిసార్లు అక్కడ గెలిచారు. కొండకి రాజు అని పిలిచేవారు. 2006లో పడమటి ఆస్ట్రేలియాలో ఒక ర్యాలీలో ఆయన చనిపోయినప్పుడు దేశం దేశమే ఏడ్చింది.

ఇక్కడ ఒక్క క్షణం ఆగాలి. హోల్డెన్ అభిమానానికి పునాదిరాయి వేసిన ఆ టొరానా ఎక్కడిది? దాని మూలం ఇంగ్లండులోని వాక్స్‌హాల్ వీవా. దానికి ఆస్ట్రేలియావాళ్లు ముక్కు పొడుగు చేసి తమ ఆరు సిలిండర్ల ఇంజన్ పెట్టారు. హోల్డెన్ కంపెనీ 1931 నుంచే అమెరికా జనరల్ మోటార్స్‌ది. ఫోర్డ్ సంగతి చెప్పనే అక్కర్లేదు. మరి అవి ఆస్ట్రేలియా బండ్లు ఎలా అయ్యాయి? ఇక్కడి చేతులు పడ్డాయి కనుక. ఆ లెక్క నాకు పూర్తిగా సమ్మతమే. కానీ ఆ లెక్క అందరికీ వర్తించాలి కదా.

1992 అక్టోబర్ 4కి వద్దాం.

నిస్సాన్ స్కైలైన్ జీటీ-ఆర్, ఆర్32. 2.6 లీటర్ల ఆరు సిలిండర్లు, ఇంజన్‌లోకి గాలిని బలంగా నెట్టే టర్బోలు రెండు, అవసరాన్ని బట్టి ముందు చక్రాలకి కూడా బలం పంపే పద్ధతి. జపాన్‌లో గ్రూప్ ఏ టూరింగ్ కార్ల పోటీలో అది దిగిన 29 రేసులూ గెలిచింది. గాడ్జిల్లా అనే పేరు దానికి పెట్టింది ఒక ఆస్ట్రేలియా పత్రికే. 1991లో జిమ్ రిచర్డ్స్, మార్క్ స్కైఫ్ దాని మీద బాథర్స్ట్ గెలిచారు. 1992లో దానికి బరువు పెంచారు, టర్బోకి కళ్లెం వేశారు. అయినా వాళ్లే ముందున్నారు. చివర్లో కుండపోత వాన. బండ్లు ఒకదాని వెనక ఒకటి జారి గోడలకి గుద్దుకున్నాయి. రిచర్డ్స్ బండి కూడా దెబ్బతిని ఆగిపోయింది. ఎర్రజెండా ఊపి రేసు ఆపేశారు. రూలు ప్రకారం కొన్ని చుట్లు వెనక్కి వెళ్లి లెక్క చూస్తే 143వ చుట్టు దగ్గర ముందున్నది జీటీ-ఆర్. అప్పటికి ఇంకా నడుస్తూనే ఉన్న డిక్ జాన్సన్, జాన్ బో బండి రెండో స్థానం.

జనం ఒప్పుకోలేదు. బహుమతి వేదిక ఎదుట చేరి ఛీకొట్టారు, అరిచారు. రిచర్డ్స్ మైకు అందుకుని, మీ నుంచి ఇది ఊహించలేదు, ఇది సిగ్గుచేటు, నా మనసులో చాలాకాలం ఉండిపోతుంది అన్నారు. చివర్లో జనాన్ని ఒక బూతుమాట కూడా అన్నారు. అది ఇప్పటికీ ఆస్ట్రేలియాలో అందరి నోటా ఉంటుంది. చాలామంది నవ్వుకుంటూ చెప్పుకుంటారు. నాకు నవ్వు రాదు. ఎందుకంటే అదే రోజు, అదే రేసులో, 1967 ఫార్ములా వన్ ప్రపంచ ఛాంపియన్ డెనీ హల్మ్ బండి నడుపుతూ గుండెపోటుతో చనిపోయారు. ఆయనా రిచర్డ్స్ లాగే న్యూజిలాండ్ మనిషి, రిచర్డ్స్‌కి స్నేహితుడు. ఆ వార్త తెలిసి ఆ వేదిక ఎక్కిన మనిషిని జనం ఛీకొట్టారు.

సగం విరిగిన బండికి బహుమతి ఇస్తే చూసేవాడికి కడుపు మండుతుంది, అది నాకూ అర్థమవుతుంది. కానీ వాళ్లు ఎవరిని ఛీకొట్టారో చూడండి. రిచర్డ్స్ 1978, 1979, 1980 వరసగా మూడేళ్లు పీటర్ బ్రాక్‌తో వంతులు వేసుకుని బండి నడిపి హోల్డెన్‌కి బాథర్స్ట్ గెలిపించిన మనిషి. స్కైఫ్ ఆ తర్వాత హోల్డెన్ మీద ఛాంపియన్‌షిప్‌లు గెలిచి, ఇదే జనం నెత్తిన పెట్టుకున్న హీరో అయ్యారు. ఆ జీటీ-ఆర్‌ని మెల్‌బోర్న్‌లో రేసుకి సిద్ధం చేసిన ఫ్రెడ్ గిబ్సన్ ఎవరు? 1967లో హ్యారీ ఫర్త్‌తో కలిసి ఫాల్కన్ జీటీ మీద బాథర్స్ట్ గెలిచినవారు. ఆ కొండ మీద వి8 కథ మొదలైందే ఆయన చేతుల్లో. ఇక ఆ రోజు జనం గెలవాలని కోరుకున్న రెండో స్థానం బండి ఏమిటి? ఫోర్డ్ సియెరా. యూరప్‌లో పుట్టిన బండి, నాలుగు సిలిండర్ల టర్బో. అందులో వి8 లేదు, ఆస్ట్రేలియా లేదు. ఫోర్డ్ బ్యాడ్జి ఒక్కటే ఉంది.

ఇది నేను పెద్దాయనతో అన్నప్పుడు ఆయన చాలాసేపు స్పానర్ తుడుస్తూ కూర్చున్నారు. తర్వాత, "బ్యాడ్జి చూసి కాదు మేట్, భయపడి అరిచాం" అన్నారు.

ఆ మాట నాకు ఇంకా చెవుల్లో ఉంది.

భయం నిజమే. 1986 నుంచి కొత్త కార్లన్నీ సీసం లేని పెట్రోలుతో నడవాలని ప్రభుత్వం రూలు పెట్టింది. హోల్డెన్ పాత ఆరు సిలిండర్ల ఇంజన్ మూలం 1963 నాటిది. దాన్ని కొత్త రూలుకి తగ్గట్టు మార్చడం డబ్బు దండగ అనుకున్నారు. అందుకని వీఎల్ కమోడోర్‌కి నిస్సాన్ దగ్గర 3 లీటర్ల ఆర్‌బీ30 ఇంజన్ కొన్నారు. పెద్దాయన చేతులతో పోత నుంచి బిగింపు దాకా చూసిన ఆరు సిలిండర్ల కథ అక్కడితో ముగిసింది. ఆయనకి నిస్సాన్ అంటే పడకపోవడానికి మొదటి కారణం రేసు కాదు, పని.

అయినా ఆయన షెడ్డులో ఉన్నది ఆ వీఎల్ టర్బోనే! ఆర్‌బీ30 టర్బో 150 కిలోవాట్లు ఇచ్చేది. అదే ఏడాది అదే కమోడోర్‌లో వచ్చిన 5 లీటర్ల వి8 ఇచ్చింది 122 మాత్రమే. పోలీసులు టర్బో బండ్లు ఏరికోరి తీసుకున్నారు. కుర్రాళ్లు దాని కోసం కొట్టుకున్నారు. గేరు మార్చేటప్పుడు టర్బో నుంచి వచ్చే ఆ పక్షి రెక్కల్లాంటి చప్పుడు విని, వీధి చివర ఉన్నది వీఎల్ అని కళ్లు మూసుకుని చెప్పేవాళ్లు ఇక్కడ లక్షమంది ఉంటారు. హోల్డెన్ అభిమానులు ప్రాణంలా చూసుకునే వీధి బండ్లలో ఇది ముందు వరసలోది. దాని గుండె జపాన్‌లో పోతపోసింది. స్కైలైన్ జీటీ-ఆర్‌లో ఉన్న ఆర్‌బీ26 దానికి సొంత తమ్ముడు. రెండింటికీ సిలిండర్ బోరు, అంటే లోపలి వెడల్పు, 86 మిల్లీమీటర్లే.

ఇంకో వైపు చూడండి. అదే ఆర్‌బీ30తో నిస్సాన్ ఆర్31 స్కైలైన్‌ని మెల్‌బోర్న్ తూర్పు వైపున క్లేటన్‌లోని తన ఫ్యాక్టరీలో ఆస్ట్రేలియా పనివాళ్ల చేత తయారుచేయించింది. మరి అది జపాన్ బండా, ఆస్ట్రేలియా బండా?

ఆ రోజుల్లో ఇదొక్కటే కాదు. పరిశ్రమల మంత్రి జాన్ బటన్ 1984లో తెచ్చిన పథకం కింద కంపెనీలు మోడళ్లు పంచుకున్నాయి. కమోడోర్‌కి టయోటా బ్యాడ్జి వేసి లెక్సన్ అని అమ్మారు. కరోలాకి హోల్డెన్ బ్యాడ్జి వేసి నోవా అన్నారు. ఫోర్డ్ ఫాల్కన్ యూట్‌ని, అంటే పికప్ బండిని, నిస్సాన్ యూట్ అని అమ్మారు. నిస్సాన్ పింటారా ఫోర్డ్ కోర్సేర్ అయింది. రాత్రికి రాత్రి బ్యాడ్జి మారిస్తే పక్షం మారిపోయే ఆటలో, ఆ బ్యాడ్జి కోసం తలలు పగలగొట్టుకున్నది మాత్రం మామూలు జనం.

జనం ఛీకొట్టిన ఆ 1992లోనే నిస్సాన్ క్లేటన్ ఫ్యాక్టరీ మూసేసింది. వేదిక కింద నుంచి జపాన్ కంపెనీని తిట్టుకున్న సమయానికి ఆ జపాన్ కంపెనీలో పనిచేసే ఆస్ట్రేలియా వాళ్లు ఉద్యోగాలు పోగొట్టుకుంటున్నారు. వాళ్ల కోసం ఆ కొండ మీద ఎవరూ అరవలేదు. 1993 నుంచి రేసు రూల్స్ మారాయి. టర్బోలకీ, నాలుగు చక్రాల డ్రైవుకీ పై వరసలో చోటు లేకుండా చేసి, ఫోర్డ్, హోల్డెన్ 5 లీటర్ల వి8లకే పెద్దపీట వేశారు. రేసు మన చేతికి వచ్చిందనుకున్నారు. ఫ్యాక్టరీ మాత్రం ఎవరి చేతిలోనూ నిలవలేదు.

దీనికి ఇంకో వేరు కూడా ఉంది, దాన్ని దాటేసి వెళ్లడం నాకు న్యాయంగా అనిపించదు. పెద్దాయన పెదనాన్న రెండో ప్రపంచ యుద్ధంలో జపాన్ వాళ్లకి బందీగా చిక్కి బర్మా రైలు మార్గం పనిలో చనిపోయారు. అక్కడ 2,800 మంది ఆస్ట్రేలియా బందీలు ప్రాణాలు పోగొట్టుకున్నారు. వాళ్ల ఇంట్లో చాలా ఏళ్లు జపాన్ వస్తువు గుమ్మం తొక్కలేదు. ఆ బాధకి నేను జవాబు చెప్పలేను, చెప్పకూడదు కూడా. ఒక్కటి మాత్రం ఆయనతో పంచుకున్నాను. అదే రైలు మార్గం మీద మలయా రబ్బరు తోటల నుంచి లాక్కుపోయిన తమిళులు, తెలుగువాళ్లు కూడా చచ్చిపోయారు. వాళ్లలో చాలామంది పేర్లు ఏ రాతి మీదా లేవు. ఆయన ఆ విషయం అప్పుడే విన్నారట. ఆ రోజు మేమిద్దరం పని చేయలేదు. ఊరికే కూర్చున్నాం. యుద్ధం చేసినవాళ్ల పాపం 1990లలో యొకొహామాలోనో మరో ఊళ్లోనో స్పానర్ పట్టుకున్న కుర్రాడి మీద వేయకూడదని మాత్రం ఇద్దరం ఒప్పుకున్నాం.

మా తమ్ముడి వైపు తప్పు గురించి కూడా అంతే గట్టిగా చెప్పాలి. వాడికి వి8 అంటే పెట్రోలు తాగే మొద్దు. వాడు ఎప్పుడూ దాని పక్కన నిలబడి వినలేదు. చల్లని పొద్దున్న పెద్ద వి8 స్టార్టు చేస్తే మొదటి నిమిషంలో వచ్చే ఆ ఎగుడుదిగుడు లయ ఛాతీకి తగులుతుంది. వందల కిలోమీటర్లు ఊరు తగలని దేశంలో, మండుటెండలో, వెనక బండి తగిలించుకుని రోజంతా లాగగలిగే ఇంజన్ అది. ఇంట్లో కూర్చుని నీతులు చెప్పేవాళ్లకి దాని విలువ అర్థం కాదు. తండ్రీ కొడుకులు కలిసి షెడ్డులో విప్పి బిగించుకోగలిగిన ఇంజన్ కూడా. 1980ల మధ్యలో వి8ని ఆపేస్తారని వినగానే అభిమానులు గోల చేసి నిలబెట్టుకున్నారు. వస్తువు మీద అంత ప్రేమ ఉన్న మనుషుల్ని మొరటువాళ్లనడం నాకు నచ్చదు.

అయితే 1999 నుంచి కమోడోర్‌లో పెట్టిన వి8 కూడా ఇక్కడిది కాదు, అమెరికా డిజైన్ ఇంజన్ దిగుమతి చేసుకున్నదే. ఇక్కడ చివరిదాకా తయారైన గొప్ప ఇంజన్ ఏదంటే నేను ఫోర్డ్ బారా అంటాను. జీలాంగ్‌లో తయారైన 4 లీటర్ల వరస ఆరు సిలిండర్లు, రెండు క్యామ్‌షాఫ్టులు. 2002లో ఫాల్కన్ ఎక్స్‌ఆర్6 టర్బోకి పెట్టినప్పుడు 240 కిలోవాట్లు. వరస ఆరు, రెండు క్యాములు, టర్బో... ఈ వంటకం ఎవరిది? స్కైలైన్ వాళ్లది, టయోటా సుప్రా వాళ్లది. ఆస్ట్రేలియా చేతులు దాన్ని నేర్చుకుని, తమ పద్ధతిలో, ఇంకా మొండిగా చేశాయి. దాని బ్లాకు మీద వెయ్యి హార్స్‌పవర్ తీసేవాళ్లు ఇప్పుడు ఉన్నారు. శత్రువు దగ్గర నేర్చుకుని చేసిన పని ఇంత బాగా కుదరదు. ప్రేమ ఉంటేనే కుదురుతుంది.

ఇదంతా ఆటోనగర్‌లో పెరిగిన నాకు ఎందుకు ఇంత మామూలుగా అనిపిస్తుందో ఈ మధ్యే తెలిసింది. నాకు నిస్సాన్ అనే పేరు మొదట పరిచయమైంది రేసు కారుగా కాదు, ఆల్విన్ నిస్సాన్ చిన్న లారీగా. జహీరాబాద్‌లో హైదరాబాద్ ఆల్విన్ వాళ్లు 1980లలో తయారుచేసిన బండి. కూరగాయల లోడుతో వచ్చి మా షెడ్డు ముందు ఆగేది. మా నాన్న దాన్ని జపాన్ బండి అనేవారు కాదు, ఆల్విన్ బండి అనేవారు. తర్వాత అంబాసిడర్‌లో ఇసుజు ఇంజన్ వచ్చింది. అంబాసిడర్ ఏమిటి, ఇంగ్లండు మోరిస్ ఆక్స్‌ఫర్డ్. దాంట్లో జపాన్ ఇంజన్. నడిపేది మనవాడు. ఇసుజు అంబాసిడర్ ఉందంటే అదో గొప్ప. దాన్ని మనది కాదన్నవాడు నాకు ఒక్కడూ కనబడలేదు. "ఎవడు చేశాడన్నది కాదురా, బోరు ఎంత శుభ్రంగా ఉందో చూడు" అనేవారు నాన్న, బోరు కొలిచే గేజి నా చేతికిచ్చి.

2008లో మిత్సుబిషి అడిలైడ్ ఫ్యాక్టరీ మూతపడింది. 2016 అక్టోబర్ 7న ఫోర్డ్ ఆపేసింది. 2017 అక్టోబర్ 3న మా ఇళ్లకి దగ్గర్లోనే ఉన్న ఆల్టోనాలో టయోటా. అదే నెల 20న ఎలిజబెత్‌లో హోల్డెన్. కారణాలు అందరికీ తెలిసినవే. 1980లలో 57.5 శాతం ఉన్న దిగుమతి సుంకం 2010 నాటికి 5 శాతానికి దిగింది. డాలరు విలువ పెరిగి ఎగుమతులు గిట్టుబాటు కాలేదు. 2005లో థాయిలాండ్‌తో ఒప్పందం కుదిరాక అక్కడినుంచి టయోటా హైలక్స్‌లు, ఫోర్డ్ రేంజర్లు సుంకం లేకుండా దిగాయి. ఒకటి జపాన్ బ్యాడ్జి, ఇంకోటి ఫోర్డ్ బ్యాడ్జి, రెండూ తయారయ్యేది థాయిలాండ్‌లోనే! ఆల్టోనాలో కామ్రీలు చేసిన వాళ్లలో మా గుడికి వచ్చే తెలుగాయన ఒకరు. జపాన్ కంపెనీయే, కానీ ఆస్ట్రేలియాలో కార్ల తయారీ చివరి నెలదాకా నిలబడింది. ఆయన చివరి షిఫ్టు ముగించుకుని వచ్చి, ఇంట్లో కూడా యూనిఫాం విప్పకుండా చాలాసేపు కూర్చున్నారట.

నాకు కోపం వచ్చేది ఇక్కడే. బాథర్స్ట్‌లో ఆ రోజు చూపించిన ఆవేశంలో పదో వంతు ఈ మూసివేతల మీద చూపించి ఉంటే అని అనుకుంటాను. ఫోర్డా హోల్డెనా, వి8నా టర్బోనా అని పాతికేళ్లు అరిచిన గొంతుల్లో, పోత పోయడం, అచ్చులు చెక్కడం, ఇంజన్ డిజైన్ చేయడం ఈ దేశం మరిచిపోబోతోందని అరిచినవి ఎన్ని? అది మరిచిపోతే ఒక తరంలో తిరిగి రాదు. లేత్ మీద చేయి కుదరడానికి మా నాన్నకి పదేళ్లు పట్టింది.

2020లో హోల్డెన్ పేరే తీసేశారు. ఆ తర్వాత జరిగింది చూస్తే ఈ పక్షాల సంగతి ఇంకా తేటపడుతుంది. ఏళ్ల తరబడి హోల్డెన్ ఫ్యాక్టరీ టీముగా ఉన్న వాకిన్‌షా టీము 2023లో ఫోర్డ్ వైపు వచ్చింది. 2026 నుంచి టయోటా సుప్రాతో దిగుతామని 2024లో ప్రకటించింది. ఆ సుప్రాలో పెట్టేది వి8. జపాన్ బండి, వి8 చప్పుడు, పాత హోల్డెన్ టీము. పెద్దాయన ఈ వార్త చదివి నాకు ఫోన్ చేశారు. కోపంగా ఉంటారేమో అనుకున్నాను. "ఈసారి కొండకి ముగ్గురం వెళ్దాం, మీ తమ్ముణ్ణి కూడా అడుగు" అన్నారు.

ఎందుకు మెత్తబడ్డారో తెలుసు. పోయిన చలికాలంలో మా తమ్ముడి స్కైలైన్ ఒక సిలిండర్‌లో కంప్రెషన్ పోయింది. అది ఆర్33, 2.5 లీటర్ల ఆర్‌బీ25. ఇంజన్ దించి చూస్తే పిస్టన్ రింగు దగ్గర పగిలి బోరు గోడ అంతా గీసుకుపోయింది. సిలిండర్లుండే కింది భాగం, అంటే బ్లాకు, పనికిరాదు. కొత్తది కొనే స్తోమత వాడికి లేదు. వాడు ముఖం వేలాడేసుకుని మా గరాజులో కూర్చున్నాడు.

పెద్దాయన రోడ్డు దాటి వచ్చారు. ఇంజన్ పైభాగం, అంటే హెడ్డు, తిరగేసి చూశారు. బాగానే ఉందన్నారు. ఏమీ చెప్పకుండా తన షెడ్డులోకి వెళ్లి, బల్ల కింద గోనెపట్టా కప్పి పెట్టిన ఒక బ్లాకు మీద చేయి వేసి మమ్మల్ని పిలిచారు. వీఎల్‌ది. ఆర్‌బీ30. విడిభాగాల కోసం ఇరవై ఏళ్ల కింద కొని దాచుకున్నది.

స్కైలైన్ హెడ్డుని వీఎల్ బ్లాకు మీద పెట్టడం ఇక్కడి మెకానిక్కులు ఎప్పుడో కనిపెట్టిన పని. నూనె దారులు కొంచెం సరిచేయాలి, బెల్టు పొడుగు మారుతుంది, పని అయ్యాక ఇంజనీరు సర్టిఫికెట్ తెచ్చుకోవాలి. బోల్టు రంధ్రాలు మాత్రం ఒకే చోట ఉంటాయి. ముగ్గురం కలిసి హెడ్డు ఎత్తి బ్లాకు మీద పెట్టాం. పెద్దాయన ఒక బోల్టు తీసుకుని వేళ్లతోనే తిప్పారు. అడ్డం లేకుండా కిందదాకా దిగింది. ఇంకో బోల్టు తీసి మా తమ్ముడి చేతికిచ్చారు. వాడూ తిప్పాడు.

నేను నాన్న గేజి తెచ్చాను. హెడ్డు మళ్లీ పక్కకి దింపి, ఒకటో సిలిండర్ నుంచి మొదలుపెట్టాం. మా తమ్ముడు కాగితం మీద రాస్తున్నాడు. 86.00, 86.00, 86.01... పెద్దాయన కళ్లద్దాలు నుదుటి మీదకి తోసుకుని ఆ మూడోది ఇంకోసారి కొలవమన్నారు.